మూడో నంబరు చీటీ

ప్రసంగంతో మనిషిని చంపవచ్చు. నమ్మకపోతే మీ ఇష్టం. నేను ఆ పని దాదాపు చేశాను. అదీ జనవరి ఒకటో తారీఖున, ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ వేసుకుని, నిండు సంఘం ముందు నిలబడి!

క్రైస్తవ సంఘాల్లో కొత్తగా పనికి కుదిరిన పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, మీ సేవలో మీరు సాధించిన గొప్ప విజయం ఒకటి చెప్పండి" అంటుంటారు. విజయాలు నాకు అంతగా గుర్తులేవు. అవన్నీ ఏడాదికోసారి నివేదికల్లో రాసి పైవాళ్లకు పంపించేశాను. గుర్తున్నది మాత్రం ఇది. ఎన్నిసార్లు తలుచుకున్నా ఒక బస్సు ఇప్పుడే వస్తున్నట్టు, నేను ఇప్పుడే దానికి అడ్డం నిలబడబోతున్నట్టు ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగేళ్లో ఐదేళ్లో అయిన రోజులవి. నాది మంచిర్యాల. మా బాపు రైలు పట్టాల మీద గ్యాంగు కూలీ. ఆయన కొడుకు మూడేళ్లు దైవశాస్త్రం చదివి వచ్చాడంటే మా వాడలో అదో వింత. దేవుని స్వభావం మారుతుందా, ఆయన సంకల్పాలు మారుతాయా అనే ప్రశ్నకు నేను రాసిన జవాబును మా గురువుగారు తరగతిలో అందరికీ చదివి వినిపించారు. ఆ జవాబు అక్షరం పొల్లుపోకుండా నోటికి వచ్చు నాకు. దాన్ని ఎవరిమీద ప్రయోగిద్దామా అని చూస్తూ తిరిగేవాణ్ణి.

నన్ను వేములవాడకు నాలుగు కోసుల దూరంలో ఉన్న ఒక నేతగాళ్ల ఊరికి వేశారు. అరవై రెండు ఇళ్ల సంఘం. ఇంటికో గుంటమగ్గం. తెల్లవారేసరికి వీధి పొడుగునా పడుగులు సాగదీసి గంజి పట్టిస్తుండేవాళ్లు. నా పైన ఒక పెద్దయ్యగారు ఉండేవారు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మనిషి. కోపానికి ఉర్దూ, ప్రార్థనకు తెలుగు వాడేవారు. నేను చేరిన రోజున నా సర్టిఫికెట్లు చూసి, "చదువు వచ్చింది. మంచిదే. ఇగ అకల్ రావాలె" అన్నారు. అకల్ అంటే బుద్ధి. నాకు ఒళ్లు మండింది.

ఆ సంఘంలో ఒక ఆచారం ఉండేది. కొత్త సంవత్సరం పొద్దటి ఆరాధన అయ్యాక వాగ్దానపు చీటీలు తీసేవారు. ఇంటికొక చీటీ. చీటీ మీద దేవుడు ఇచ్చిన ఒక మంచి మాట. 'నీకు తోడై ఉంటాను' అనో, 'నీ కన్నీళ్లు తుడుస్తాను' అనో. ఇత్తడి డబ్బాలో మడత పెట్టి వేస్తే, ఇంటి ఇల్లాలు కళ్లు మూసుకుని ఒకటి తీయాలి. అక్కడ విప్పకూడదు. ఇంటికి వెళ్లి, అన్నానికి ముందు అందరూ మోకాళ్లూని, చదువొచ్చినవాళ్లు చదివితే వినాలి. ఆ ఏడంతా దేవుడు ఆ ఇంటికి ఇచ్చిన మాట అదే. దాన్ని గంజితో గోడకు అతికించుకునేవాళ్లు. ఈ ఆచారం పెట్టింది పెద్దయ్యగారు, చీటీలు రాసే పని ఆ ఏడు నాది.

పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు చీటీలు కోసి రాశాను. అదే కాగితాలు, అదే సైజు, అదే సిరాతో నా ప్రసంగానికి గుర్తులు కూడా రాసుకున్నాను, మూల మీద ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసి. చూశారా, అకల్ ఎక్కడ తక్కువైందో! రెండు కుప్పలూ ఒకే బల్ల మీద పెట్టాను. చీటీలు మడత పెట్టి లెక్క చూస్తే సరిగ్గా అరవై రెండు వచ్చాయి. నేను రాసింది అరవై ఒకటేనని నాకేం తెలుసు? లెక్క కుదిరిందని సంతోషపడి డబ్బాకు మూత పెట్టాను.

మర్నాడు ప్రసంగం. 'మార్పులేని దేవుడు' అన్నది అంశం. నా జవాబుకు సమయం వచ్చింది! ఒకటో చీటీ అయింది, రెండోది అయింది. తర్వాత చేతికి నాలుగోది వచ్చింది. మూడు లేదు. మూడోది ఒక రాజు సంగతి. జబ్బుపడ్డ రాజు దగ్గరికి దేవుడు ప్రవక్తను పంపి 'ఇల్లు చక్కబెట్టుకో, నువ్వు బతకవు' అనిపించాడు. నాలుగోది దాని తరువాయి. రాజు గోడ వైపు తిరిగి ఏడ్చాడు, దేవుడు విని పదిహేనేళ్లు ఆయుష్షు పెంచాడు. మారని దేవుడు మాట ఎలా మార్చాడన్న చిక్కుముడి విప్పుదామని ఆ రెండూ రాసుకున్నాను. మూడు లేకుండా నాలుగు చెబితే ఎవరికీ అర్థం కాదు. అందుకని రెండూ వదిలేసి ఐదుకు దూకాను. "దేవుడు అన్నది అన్నదే! ఆయన మనిషి కాడు మాట మార్చడానికి!" అని బల్ల గుద్దాను. సంఘం ఉలిక్కిపడింది. బయటికి వస్తుంటే సంఘపెద్ద ఒకాయన నా భుజం తట్టి, "గట్టిగ చెప్పినవు పో" అన్నాడు. ఆ రోజంతా నేల మీద నడవలేదు నేను. మూడో చీటీ ఏమైందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఇప్పుడు నా ప్రసంగం దాదాపు చంపిన మనిషి సంగతి. ముప్పై, ముప్పై మూడేళ్ల నేతగత్తె. భర్త, ఆరేళ్ల కూతురు. చదువు రాదు గాని మాటకు మాట అప్పజెప్పే మనిషి. ఏడాదిగా ఆమె కడుపులో గడ్డ పెరుగుతోంది. డిసెంబరులో నేనే కరీంనగర్‌లోని మిషన్ దవాఖానకు తీసుకెళ్లాను. అక్కడ చూసి, "ఆపరేషన్ చెయ్యాలె. పెద్ద డాక్టరమ్మ శివరాత్రి దినాల్లో పది రోజులుంటది, అప్పుడు రావాలె. ఆలస్యం చేస్తే చెప్పలేం" అన్నారు. ఆమె ఒప్పుకుంది. తారీఖు కూడా రాయించుకుని వచ్చాం. నేను ఆ పని అయిపోయిందనుకుని, కొత్త సంవత్సరం కాగానే పల్లెల్లో కూటాలకు వెళ్లిపోయాను.

శివరాత్రి రోజున తిరిగి వచ్చేసరికి కార్డు ముక్క ఒకటి నా కోసం చూస్తోంది. దవాఖానలో పనిచేసే సిస్టరమ్మ రాసింది. ఆమె ఆదిలాబాద్ మనిషి, కలం పట్టినా మాట్లాడినట్టే రాస్తుంది. "మనిషి రాలే. నాలుగు దినాలైతుంది. పెద్ద డాక్టరమ్మ శనివారం పొద్దుగాల పోతది, మల్ల వచ్చే ఏడే. గా గడ్డ ఏడాది ఆగదు. మీరు అక్కడ ఏం జేస్తున్నరు?"

ఆ రోజు బుధవారం. కార్డు చేతిలో పట్టుకునే పరుగెత్తాను.

ఇల్లు చూసి గుర్తుపట్టలేకపోయాను. గోడలకు తెల్లగా సున్నం. పైన పెంకు తిరగేయించారు. వాకిలి అలికి ఉంది. లోపల మగ్గం గుంటలో ఆమె కూర్చుని నేస్తోంది, ముఖం పీక్కుపోయి ఉంది, కడుపు మాత్రం బరువుగా. గడప దగ్గర భర్త మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు.

"అక్కా, దవాఖానకు ఎందుకు పోలే?" అన్నాను.

"పోయి ఏం జెయ్యాలె అయ్యగారూ? దేవుడు ముందుగాల చెప్పనే చెప్పిండు. అందరికి చెప్తడా? నాకు చెప్పిండు. గీ చీర అయిపోతె ఇగ నాకు ఫికర్ లేదు."

"ఏం చెప్పిండు?"

ఆమె గోడ చూపించింది. కొత్త సున్నం మీద, గంజితో అతికించిన చీటీ. ఇల్లు చక్కబెట్టుకో, నువ్వు బతకవు. నా చేతిరాత! మూల మీద మూడు అని నంబరు.

భర్త తలెత్తి, "నేనే చదివిన అయ్యగారూ. కూడబలుక్కుంట చదివిన. చదవకపోయినా బాగుండు" అన్నాడు. అతను రాత్రిబడిలో అక్షరాలు నేర్చింది నా దగ్గరే.

ఆమె దేవుని మాటను తుచ తప్పకుండా పాటించింది. ఇల్లు చక్కబెట్టమన్నాడు కదా, ఆరు వారాలుగా చక్కబెడుతోంది. సున్నం వేసింది, పెంకు తిరగేయించింది, ఆరేళ్ల పిల్లకు పొయ్యి ముట్టించడం నేర్పింది. అంతటితో ఆగలేదు. "మా చిన్నమ్మ బిడ్డ ఉన్నది, మొగడు ఇడిసిపెట్టిండు. మంచి పోరి. మా ఆయనకు మాట్లాడిన" అంది నిమ్మళంగా. భర్త లేచి బయటికి వెళ్లిపోయాడు.

నేను గుంట పక్కన కూలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. "అక్కా, అది వాగ్దానం కాదు. నా ప్రసంగం చీటీ. నేనే మతిలేక డబ్బల కలిపిన. తప్పు నాది. దేవుడు నీకు ఆ మాట చెప్పలే."

ఆమె పోగుల మధ్య ఆడే నాడె ఆపింది. "డబ్బల ఎన్ని చీటీలుండె?"

"అరవై రెండు."

"అరవై రెండిట్ల నా చెయ్యి దాని మీదనే ఎందుకు వడ్డది?"

మూడేళ్ల చదువులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. చీటీ ఎవరు తీసినా తీర్పు దేవునిదేనని నేనే రెండు నెలల కింద పాఠం చెప్పి ఉన్నాను, అదీ ఆమె ముందు కూర్చుని ఉండగానే.

సరే, ఆ దారి మూసుకుంది. ఇంకో దారి పట్టాను. ఆ మాటకు తరువాయి ఉందని, ఆ రాజు గోడ వైపు తిరిగి ఏడిస్తే దేవుడు పదిహేనేళ్లు ఇచ్చాడని ఆవేశంగా చెప్పుకొచ్చాను. ఆమె శ్రద్ధగా వింది. తర్వాత నన్ను సూటిగా చూసింది.

"అంటే, దేవుడు మాట మార్చిండా?"

"అట్ల కాదు..."

"సస్తవన్నడు. మల్ల బతుకుమన్నడు. మార్చిండా, మార్చలేదా?"

నేను నా ప్రసిద్ధమైన జవాబు ఎత్తుకున్నాను. స్వభావం, సంకల్పం, మారినట్టు కనిపించడం, నిజంగా మారకపోవడం. నా గొంతు నాకే పుస్తకం చదువుతున్నట్టు వినిపించింది. పరీక్షలో రాయడం వేరు, చావుకు సిద్ధపడి మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి చెప్పడం వేరు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"అయ్యగారూ, ఒకటో తారీకు నాడు బల్ల గుద్ది మారడంటిరి. ఇయ్యాల మారిండంటున్నరు. నేను ఏ రోజు మాట పట్టుకోవాలె?"

అని మళ్లీ నేత మొదలుపెట్టింది. నేను వచ్చేశాను.

పెద్దయ్యగారి దగ్గరికి వెళ్లి అంతా కక్కేశాను. ఉర్దూలో తిడతారనుకున్నాను. తిట్టలేదు, ముఖం మాత్రం వాడిపోయింది. గడ్డం గోక్కున్నారు.

"సంఘంల ఈ మాట చెప్పకు" అన్నారు. "ఒక చీటీ తప్పని చెప్తే తెల్లారి అరవై ఇండ్లు తమ చీటీలు గూడ చెల్లవంటయి. ఇరవై ఏండ్ల సంది నడుస్తున్న రివాజు."

"చెప్పకుంటే ఆమె చచ్చిపోతది అయ్యగారూ!"

"చెప్పినవు గద ఆమెకు? ఇన్నదా?" అని, "నన్ను అడిగితే నాకు గూడ తెల్వదు. దేవుడు మనిషి లెక్క మనసు మార్చుకోడని ఒక జాగల ఉన్నది. మార్చుకున్నడని అదే అధ్యాయంల ఉన్నది. నలభై ఏండ్లు చదివిన. పొద్దుగాల మొదటిది చదువుత, పొద్దుమూకి రెండోది చదువుత. రెండిట్ల దేన్ని తియ్యబుద్ధి కాలే" అన్నారు.

ఆ పెద్దమనిషి నోట 'తెల్వదు' అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. విచిత్రంగా నాకు ధైర్యం వచ్చింది. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే కాదు కదా అనిపించింది.

గురువారం పొద్దున్నే మళ్లీ వెళ్లాను. ఏం చెప్పాలో తెలియదు, ఊరికే కూర్చుందామనే వెళ్లాను. వీధి మలుపులోనే కేకలు వినిపించాయి. పడుగు సాగదీసి గంజి పట్టిస్తుంటే ఆమె కూతురు ఆడుతూ ఆడుతూ దాని మధ్యలోంచి పరుగెత్తిందట. పోగులు తెగి, చిక్కుపడి, సగం పడుగు మట్టిలో పడి ఉంది. నేతగాళ్ల ఇంట్లో ఇంతకు మించిన ఘోరం లేదు. పిల్ల గోడకు ఆనుకుని వణుకుతోంది. ఆమె కడుపు పట్టుకుని నిలబడి అరుస్తోంది.

"ఇయ్యాల నీకు బువ్వ పెట్ట! పెడితె నేను మా బాపుకు పుట్టలే! పో, గా దారాలే తిను!"

ఈ గొడవలో నేనెందుకని అరుగు మీద కూర్చున్నాను. భర్తా, పక్కింటి వాళ్లూ వంగి పోగులు అతుకుతున్నారు. ఓ అరగంట గడిచింది. లోపల పిల్ల వెక్కిళ్లు వినిపించాయి, తర్వాత ఆగిపోయాయి. తొంగి చూశాను. ఆమె పళ్లెంలో అన్నం కలిపి పిల్లకు ముద్దలు పెడుతోంది. పిల్ల చెంపల మీద కన్నీటి చారలు ఇంకా ఆరలేదు, నోరు మాత్రం నిండుగా ఉంది.

ఇప్పటికీ చెప్పలేను ఆ క్షణం ఎలా ఉందో! మూడేళ్లు లావుపాటి పుస్తకాల్లో వెతికింది నా కళ్లముందు పీట వేసుకుని కూర్చుంది. చెప్పులు విడవడం కూడా మరిచి లోపలికి దూసుకెళ్లాను.

"అక్కా! పెట్టనంటివి గద?"

"అన్న."

"పెడితె మీ బాపుకు పుట్టలేదంటివి."

"అన్న. అయితె ఏంది?" ఆమెకు చిరాకేసింది. "పోరి మొకం జూడున్రి. తప్పయింది అవ్వా అని కాళ్లు వట్టుకున్నది. పెట్టకుంట ఎట్లుంట?"

"మాట మార్చినవు."

"మార్చిన."

"అయితె నువ్వు మారినవు."

"నేనెందుకు మారుత?" గయ్యిమంది. "అప్పుడు దాని అవ్వనే, ఇప్పుడు దాని అవ్వనే. పెట్టనన్నప్పుడు గూడ నా కడుపుల పెట్టాలెననే ఉండె. బుద్ధి రావాలెనని అన్న గని, సంపనీకి అన్ననా? అవ్వను గాబట్టే తిట్టిన, అవ్వను గాబట్టే పెడుతున్న. నేను మారేది ఏడున్నది అండ్ల..."

ముద్ద పట్టుకున్న చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. ఆమె నన్ను చూసింది. గోడ మీది చీటీని చూసింది. నేను నోరు విప్పలేదు. నా జీవితంలో సరైన సమయంలో నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ, అందులో ఇదొకటి.

"ఆయన గూడ... గట్లనే అంటడా?" అంది మెల్లగా.

"నాకు తెల్వదు అక్కా. ఆ చీటీ నీ చేతికి ఎందుకు వచ్చిందో గూడ నాకు తెల్వదు. గని ఆయన నీకన్న తక్కువ తల్లి అయితె కాడు."

పిల్ల తనే ముద్ద అందుకుని తినేసింది.

"గా రాజు గోడ దిక్కు మల్లి ఏడ్చిండంటిరి గద," అంది ఆమె. "నేను గోడకు సున్నమేసిన. అడగలే. ఒక్కనాడు గూడ నన్ను బతికియ్యుమని అడగలే. చెప్పిండు గద, ఇగ అడుగుడేంది అనుకున్న. నాకు మాత్రం బతకాలెనని ఉండదా?"

ఎంగిలి చెయ్యి అలాగే ఉంచుకుని గోడ వైపు తిరిగింది. ఆరు వారాలుగా ఒక్క చుక్క రాల్చని మనిషి, వీధి వీధంతా వినిపించేలా ఏడ్చింది. భర్త పోగులు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. ఏమైందని నన్నడిగాడు. నేనూ ఏడుస్తున్నాను, ఏం చెబుతాను?

ఆమె ముక్కు తుడుచుకుని, "బస్సు ఎన్ని గంటలు గొట్టంగ?" అంది.

అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి! శివరాత్రి మర్నాడు. వేములవాడ నుంచి కరీంనగర్ వెళ్లే ప్రతి బస్సూ రాజన్న గుడిలో జాగారం చేసి తిరిగి వెళ్లే జనంతో కిక్కిరిసి ఉంది. పైన కూడా మనుషులే. మొదటి బస్సు ఆగలేదు. రెండోది ఆగినట్టే ఆగి వెళ్లిపోయింది. మూడోది కూడా పోయింది. ఆమె రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని కడుపు నొక్కుకుంటోంది, పెదవులు తెల్లబడుతున్నాయి. మధ్యాహ్నం దాటిపోతోంది. ఇవాళ చేరకపోతే రేపు ఆపరేషన్ లేదు, రేపు లేకపోతే ఇక లేదు.

అంతలో వెనక నుంచి గొడుగు ఊపుకుంటూ పెద్దయ్యగారు వచ్చారు. ఆమె వెళ్తోందన్న కబురు నేనే పంపాను గాని, ఆయన వస్తారనుకోలేదు. నాలుగో బస్సు దుమ్ము రేపుతూ కనపడగానే ఆయన నడిరోడ్డు మీదికి వెళ్లి గొడుగు తెరిచి నిలబడ్డారు. డెబ్బై ఏళ్ల మనిషి! నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. బస్సు కీచుమంటూ మా ముక్కుల ముందు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి తిట్టాడు. పెద్దయ్యగారు అంతకు రెట్టింపు ఉర్దూలో బదులిచ్చారు. అందులో సగం దైవసేవకులు వాడదగ్గవి కావు.

"జాగ లేదు సాబ్, ఏడ కూసోవెట్టాలె?" అన్నాడు కండక్టరు.

కిటికీ పక్కనున్న ఒక ముసలమ్మ తొంగి చూసింది. తలనీలాలు ఇచ్చిన బోడిగుండు, కళ్లలో నిద్ర. గడ్డ కడుపుతో కూర్చున్న మనిషిని చూసి సీట్లోంచి లేచింది. "రా బిడ్డా, నా జాగల కూసో. నేను నిలవడుత. రాజన్న సల్లగ జూస్తడు" అంది.

ఒకటో తారీఖున బల్ల గుద్దిన యువ వక్త అయితే రాజన్న పేరు వినగానే ఆ ముసలమ్మకు నాలుగు మాటలు బోధించేవాడు. నేను చేతులు జోడించి, "నువ్వు సల్లగుండాలె అవ్వా" అన్నాను.

ఒక ముక్క ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత మరిచిపోతాను. ఆ వచ్చిన ఆదివారం నేను సంఘం ముందు నిలబడి చీటీ సంగతి ఒప్పుకున్నాను. పెద్దయ్యగారిని ముందుగా అడగలేదు. నేను కూర్చోగానే ఆయన లేచి, "చీటీ ఆయనది. డబ్బా నాది. తప్పు ఇద్దరిది. వచ్చే ఏడు నుంచి చీటీలు లేవు, వాక్యం మొత్తం చదువుకోన్రి" అన్నారు. దేవుడు మారతాడో మారడో గాని, ఆ వారంలో మా పెద్దయ్యగారు మాత్రం మారారు. వెనక వరసలోంచి ఒకామె, "మాకు మంచి చీటీ వచ్చింది, మేము ఉంచుకుంటం" అంది. ఉంచుకోమన్నాం.

ఇక దవాఖాన. సాయంత్రం ఆమె, భర్త, పిల్ల, నేను చేరేసరికి సిస్టరమ్మ వరండాలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. రోగిని చూడగానే చక్రాల మంచం లాక్కొచ్చింది. నన్ను చూసి, "నీతోని తర్వాత మాట్లాడుత" అంది. ఆ తర్వాత రెండేళ్లపాటు, కనిపించినప్పుడల్లా మాట్లాడింది.

శుక్రవారం పొద్దున పెద్ద డాక్టరమ్మ చూసి, గడ్డ చాలా పెరిగిందని, తన చేతనైనంత చేస్తానని, మాట మాత్రం ఇవ్వలేనని భర్తతో చెప్పింది. అతను తలూపాడు. రాత్రిబడి అక్షరాలతో సంతకం చేశాడు. నేను పక్కనుండి ప్రార్థన చేద్దామని ఊపిరి పీల్చుకుంటున్నాను, పొడుగాటి ప్రార్థన సిద్ధం చేసుకునే వచ్చాను. ఆపరేషన్ గది తలుపు దగ్గర ఆమె మంచం ఆపమంది. నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది, పట్టు మాత్రం గట్టిది.

"అయ్యగారూ, ఒక మాట. నేను బతికితె, సూడున్రి దేవుడు మనసు మార్చుకున్నడని ప్రసంగం చెయ్యకున్రి. సస్తె, సూడున్రి మాట నిలవెట్టుకున్నడని చెయ్యకున్రి. ఏదైనా ఆయన ఆయననే. మీరు జర నోరు కట్టుకోన్రి."

"సరే అక్కా" అన్నాను.

తలుపు మూసుకుంది.

భర్త వరండా మెట్ల మీద కూర్చోలేక, దవాఖాన గేటు దాకా వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం. పిల్ల వేప చెట్టు కింద పుల్లలతో మగ్గం కట్టుకుని ఆడుకుంటోంది. నేను తలుపుకు ఎదురుగా నిలబడి ఉన్నాను. ఎంతసేపో తెలియదు. ఒకసారి లోపల ఎవరో గట్టిగా ఏదో అడిగారు, అడుగుల చప్పుడు, గిన్నె కింద పడ్డ చప్పుడు. పొడుగాటి ప్రార్థన ఒక్క ముక్క గుర్తు రాలేదు. బతికియ్యి, బతికియ్యి అని మాత్రం అంటున్నాను. నా మూడేళ్ల చదువు ప్రకారం ఆ మాట అనడం సబబో కాదో నాకు పట్టలేదు.

తలుపు తెరుచుకుని సిస్టరమ్మ వచ్చింది. ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "గడ్డ తీసిన్రు. పెద్దగున్నది. మనిషి ఉన్నది, బతుకుతది" అంది. అని అక్కడే బల్ల మీద కూర్చుండిపోయింది.

నేను గేటు వైపు పరుగు తీశాను. లోపల మాటలు తన్నుకొస్తున్నాయి. రాజు, గోడ, పదిహేనేళ్లు, దేవుని మారని దయ, ఆ దయ వల్లనే మారే మాట. అన్నీ ఇప్పుడు ఎంత చక్కగా కుదిరాయో! అంత మంచి ప్రసంగం నాకు ముందూ తట్టలేదు, తర్వాతా తట్టలేదు. భర్త నన్ను చూసి దారి మధ్యలో ఆగిపోయాడు. నా ముఖంలో ఏముందో చదవలేక రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడు.

నేను నోరు తెరిచాను.

"బతికింది అన్నా" అన్నాను. అంతే, ఇంకేమీ అనలేదు.